క్లాప్ కొట్టే లోపే సగం పని అయిపోవాలి

పోయిన నెల ఈ పేజీలో అసిస్టెంట్ డైరెక్టర్ రోజు ఎలా గడుస్తుందో నాలుగు ముక్కలు రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. తిప్పి తిప్పి ఎక్కువమంది అడిగింది ఒకటే: అంతమంది కలిసి ఎలా పనిచేస్తారు, ఎవరి మాట ఎవరు వింటారు అని. పదకొండేళ్లు ప్రొడక్షన్ వైపు తిరిగినవాడిని కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ప్రశ్న: సినిమా అయిపోయాక తెరమీద వందల పేర్లు పడతాయి కదా సార్, వాళ్లందరికీ డైరెక్టరే పని చెప్తాడా? 24 క్రాఫ్ట్స్ అంటే అసలు ఏమిటి? (డిగ్రీ విద్యార్థిని, ఏలూరు)

చెప్పడమ్మా. అందరికీ ఆయనే చెప్పుకుంటూ పోతే వారం తిరక్కుండా సినిమా ఆగిపోతుంది. డైరెక్టర్ రోజూ మాట్లాడేది ఏడెనిమిది మందితో: కెమెరామన్, ఆర్ట్ డైరెక్టర్, కాస్ట్యూమ్ డిజైనర్, డాన్స్ మాస్టర్, ఫైట్ మాస్టర్, కో-డైరెక్టర్, ప్రొడక్షన్ మేనేజర్, ఇంటికెళ్లే ముందు ఎడిటర్. మిగతావాళ్లకి పని వీళ్ల నుంచే వెళ్తుంది. 24 క్రాఫ్ట్స్ అన్నది సినీ కార్మికుల ఫెడరేషన్ కింద ఉన్న యూనియన్ల లెక్క. లైట్‌మెన్‌కి ఒకటి, డ్రైవర్లకి ఒకటి, డాన్సర్లకి ఒకటి, జూనియర్ ఆర్టిస్టులకి ఒకటి, ఇలా. కంప్యూటర్ ముందు కూర్చుని గ్రాఫిక్స్ చేసే కుర్రాళ్లు మాత్రం ఏదో కంపెనీలో నెల జీతగాళ్లు, వాళ్లకీ సెట్‌కీ ముఖపరిచయం కూడా ఉండదు.

ఇంకో చిక్కు ఉంది. ఒకే కెమెరా చుట్టూ నిలబడ్డవాళ్లు ఒకే చోట నుంచి వచ్చినవాళ్లు కారు. కెమెరామన్ తన అసిస్టెంట్లని తను తెచ్చుకుంటాడు, కెమెరా అద్దెకిచ్చినవాళ్లు దానితో పాటు తమ మనిషిని పంపిస్తారు, లైట్లూ జనరేటరూ వాటిని అద్దెకిచ్చే అవుట్‌డోర్ యూనిట్ వాళ్లవి. ముగ్గురికీ జీతమిచ్చేవాళ్లు వేరు, మంచీచెడూ చెప్పేవాళ్లు వేరు. పొద్దున తొమ్మిదికల్లా వీళ్లంతా ఒక్క షాటు కోసం సిద్ధంగా ఉండాలి.

వీళ్లని కలిపి నడిపేది ఒక కాగితం, ఈ రోజుల్లో అయితే ఒక వాట్సాప్ మెసేజ్. రేపు ఏ సీను, ఎక్కడ, ఎవరు ఎన్నింటికి, ఏమేం కావాలి అన్నవి కో-డైరెక్టరూ మేనేజరూ కూర్చుని రాత్రి తొమ్మిది లోపు పంపేయాలి. కాల్షీట్ తొమ్మిదింటికే అన్నా, ప్రొడక్షన్ బాయ్స్ తెల్లారకముందే టిఫిన్ సామానుతో బయల్దేరతారు. హైదరాబాద్ కృష్ణానగర్‌లో యూనిట్ బస్సు ఎక్కేవాళ్లకి నిద్ర సరిపోవడమన్నది ఎప్పుడూ ఉండదు, అది వేరే కథ.

రేపు వాన సీను అనుకోండి. నీళ్ల ట్యాంకర్లు ఎన్నో ఆర్ట్ వాళ్లకి తెలియాలి, కెమెరాకి రెయిన్ కవర్ ఉండాలి, లైట్‌మెన్ కేబుళ్లన్నీ నేల మీద నుంచి పైకెత్తుకోవాలి, మేకప్ వాళ్లు తడిసినా చెదరని సరుకు తెచ్చుకోవాలి, తువ్వాళ్లూ వేడి టీ ప్రొడక్షన్ చూసుకోవాలి, హీరో డ్రెస్సు అచ్చం అలాంటివే ఇంకో మూడు నాలుగు ఉండాలి. మేం ఒకసారి ఆ డ్రెస్సు దగ్గరే బోర్లా పడ్డాం. కో-డైరెక్టర్ ఫోన్లో "హీరో షర్టు డబుల్ కావాలి" అన్నాడు, అంటే ఇంకో జత అని ఆయన ఉద్దేశం. కాస్ట్యూమ్ అసిస్టెంట్ కుర్రాడికి డబుల్ అంటే డూపు. పాపం, రాత్రంతా తిరిగి డూపు కొలతకి షర్టు కుట్టించుకొచ్చాడు, ఆ డూపేమో హీరో కంటే రెండు సైజులు ఎక్కువ. మొదటి టేకులో తడిసిన షర్టుని ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి మళ్లీ తొడిగి, మళ్లీ తడిపి, ఆ పూటకి మూడు షాట్లు తీశాం. రోజంతా తిట్లు తిన్నది ఆ కుర్రాడే. నాకైతే తప్పు వాడిదనిపించలేదు, ఒక విభాగం మాట ఇంకో విభాగం చెవిన పడేలోగా మారిపోయింది, అంతే. సెట్లో గొడవలు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. అప్పట్నుంచి నేను ఏది చెప్పినా "మూడు జతలు, హీరో కొలత" అని అంకెతో సహా రాసి పంపేవాడిని, చాదస్తం అని నవ్వేవాళ్లు.

ప్రశ్న: ప్రొడ్యూసర్, ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్, లైన్ ప్రొడ్యూసర్... ఇంతమంది ఎందుకన్నా? (కరీంనగర్)

డబ్బు తెచ్చేది, బాధ్యత మోసేది ప్రొడ్యూసర్. రోజుకి ఎంత ఖర్చవుతోందో, అనుకున్నది దాటుతోందో లేదో దగ్గరుండి చూసేది లైన్ ప్రొడ్యూసర్. ఎగ్జిక్యూటివ్ అన్నది మాత్రం సినిమాకో అర్థం తమ్ముడూ: ఒకచోట నిజంగా అన్నీ నడిపే మనిషి, ఇంకోచోట మొహమాటానికి వేసిన పేరు.

ప్రశ్న: నేను ఇండిపెండెంట్ వెబ్ సిరీస్‌కి ఎడిటర్ని. సీను మొదట్లో మాటా పెదవీ బాగానే కలుస్తాయి, చివరికొచ్చేసరికి తేడా వస్తోంది. కెమెరా వాళ్లు సౌండ్ వాళ్లదే తప్పంటున్నారు, సౌండ్ వాళ్లు నాదంటున్నారు. (ఖమ్మం)

తప్పు ఎవరిదో ఇక్కడ నుంచి తేల్చలేను. కెమెరా సెకనుకి 24 ఫ్రేములకి పెట్టి తీస్తే, ఎడిటింగ్‌లో ఆ బొమ్మ 23.976 వేగంతో నడుస్తూ ఉండొచ్చు, లేదా అటుది ఇటు; సౌండ్ మాత్రం తన వేగంలోనే పోతుంది. మొదట్నుంచీ ఒకే తేడా ఉంటే అది సింక్, అంటే మాటనీ బొమ్మనీ కలపడం, సరిగ్గా చేయకపోవడం, పోనుపోను పెరిగితే మాత్రం ముందు అనుమానించాల్సింది స్పీడునే. ఈ రెంటికీ మధ్య తేడా వెయ్యికి ఒక వంతు, అందుకే క్లాప్ దగ్గర సరిపోతుంది. పది నిమిషాల టేకు అయితే చివరికి అర సెకను పైనే జారిపోతుంది, పెదవుల దగ్గర అది ఎవరికైనా కనిపిస్తుంది. ఇప్పుడు చేయాల్సింది ఆడియో వేగాన్ని ఆ వెయ్యో వంతు సరిచేయడం, ముక్కలు కోసి జరుపుకుంటూ కూర్చోకండి. ఒక ఫైలు మీద చేసి చూసి, కుదిరాకే మిగతావి.

అసలు మందు షూటింగ్‌కి ముందే ఉంది. కెమెరా అసిస్టెంటు, సౌండ్ రికార్డిస్టు, మీరు ముగ్గురూ ఒక పూట కూర్చుని ఒక్క టెస్ట్ షాట్ తీసి, దాన్ని ఎడిటింగ్‌లోకి తెచ్చి, డీఐ (బొమ్మకి రంగులు సరిదిద్దే పని) చేసేవాళ్ల దగ్గరికీ మిక్సింగ్ థియేటర్‌కీ పంపించి, తిరిగి సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవాలి. ఒక్క పూట పని. ఆ పూటకి డబ్బులెందుకు దండగ అనే ప్రొడ్యూసర్లే తర్వాత నెలరోజులు పోస్ట్ ప్రొడక్షన్‌లో కూర్చుంటారు. మనకి చాలాకాలంగా డబ్బింగ్ అలవాటు, సెట్లో మాట గైడ్ ట్రాక్ కోసమే, అంటే డబ్బింగ్ చెప్పేటప్పుడు విని అనుసరించడానికే కదా అని సౌండ్‌ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. సింక్ సౌండ్‌కి, అంటే సెట్లో పలికిన మాటనే సినిమాలో ఉంచే పద్ధతికి వెళ్తే ఆ అలవాటే మెడకి చుట్టుకుంటుంది.

ప్రశ్న: 2025లో షూటింగులన్నీ ఎందుకు ఆగాయి? ఎవరు గెలిచారు? (వరంగల్)

కార్మికుల వేతనాలు 30 శాతం పెంచాలని ఫెడరేషన్ అడిగింది, నిర్మాతలు ఒప్పుకోలేదు, ఆగస్టు 4 నుంచి పనులు ఆగాయి. ప్రభుత్వం మధ్యలోకి వచ్చాక 21న రాజీ కుదిరింది. రోజుకి 2000 రూపాయల లోపు తీసుకునేవాళ్లకి మూడేళ్లలో విడతలుగా 22.5 శాతం, మొదటి ఏడాదే అందులో 15. అంతకంటే ఎక్కువ, 5000 దాకా తీసుకునేవాళ్లకి 17.5 శాతం. మూడేళ్ల ముందు, 2022 ఆగస్టులో, ఖర్చులు పెరిగిపోయాయని నిర్మాతలే షూటింగులు ఆపుకున్నారు, అది చాలామంది మర్చిపోయారు. గెలుపు సంగతి నన్నడగకండి, ఆ రోజుల్లో లైట్‌మెన్ ఇళ్లలో పొయ్యి ఎలా వెలిగిందో చూసినవాడిని, నా మాట ఒకవైపుకే మొగ్గుతుంది.

ప్రశ్న: ఒక దర్శకుడికి కథ వాట్సాప్‌లో పంపాను. ఇప్పుడు టెన్షన్‌గా ఉంది. రిజిస్టర్ చేయకపోతే హక్కు పోతుందా? (ఉపాధ్యాయుడు, నెల్లూరు)

పోదు మాస్టారూ. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం మీరు రాసిన క్షణం నుంచే అది మీది, రిజిస్ట్రేషన్ రుజువుకి పనికొస్తుందంతే. కాకపోతే చట్టం కాపాడేది మీరు రాసిన రాతని. "ఊరికి తిరిగొచ్చిన కొడుకు" లాంటి ఆలోచన ఎవరి సొత్తూ కాదు. పంపిన తేదీ కనిపించే ఆ మెసేజ్ చెరిపేయకుండా ఉంచుకోండి, పూర్తి స్క్రిప్టు ఈమెయిల్‌లో కూడా పెట్టండి.

రేపు వాళ్లు పిలిచి అడ్వాన్స్ ఇస్తే ఆనందంలో సంతకం పెట్టేయకండి. హక్కులు రాసివ్వడం చెల్లాలంటే కాగితం మీద, మీ సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే చట్టం ఐదేళ్లని లెక్కేస్తుంది, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. తీసుకున్నవాళ్లు ఏడాదిలోపు ఆ హక్కుని వాడకపోతే, కాగితంలో వేరే మాట లేకపోతే, అది తిరిగి మీకే వస్తుంది. అందుకే కంపెనీల కాగితాల్లో ఆ "వేరే మాట" తప్పకుండా ఉంటుంది, వెతికి చదవండి. థియేటర్లో కాకుండా ఇంకోచోట మీ రచనని వాడినప్పుడు రావాల్సిన రాయల్టీ వాటాని వదులుకుంటున్నానని రాయించుకోవడం 2012 సవరణ తర్వాత కుదరదు. సంతకానికి ముందు ఒక వకీలుకి చూపించండి, ఆ ఫీజు దగ్గర మాత్రం వెనకాడకండి.

ప్రశ్న: ఒక్కసారి షూటింగ్ చూడాలని ఉంది, ఎవరిని అడగాలి? (ఇంటర్ విద్యార్థి, ఒంగోలు)

హీరో మనుషుల వెనక పడకుండా ప్రొడక్షన్ మేనేజర్‌ని అడుగు బాబూ, లోపలికి ఎవరు రావాలో చూసేది ఆయనే. లంచ్ బ్రేక్ తర్వాత అడిగితే మంచి మూడ్‌లో ఉంటాడు. చప్పుడు చేయని చెప్పులేసుకుని వెళ్లు, ఫోన్ తీయకు, నేల మీద కేబుల్ కనిపిస్తే తొక్కకుండా దాటు.