స్ప్రే డబ్బాతో బండికి రంగు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఇంటి దగ్గరే స్ప్రే డబ్బాలతో బండి భాగాలకు రంగు వేసుకుని, ఎక్కడో ఒకచోట ఇబ్బంది పడ్డ పాఠకులు పంపిన ప్రశ్నలివి. ఒకే తీరుగా ఉన్నవాటిని కలిపి ఒక్కటిగా ఇస్తున్నాం. దాదాపు అందరికీ రంగు చల్లడం బాగానే కుదిరింది. చెడింది మాత్రం కింద ఉన్న పొరతోనో, పూతకీ పూతకీ మధ్య ఆగాల్సినంత ఆగకపోవడంతోనో.

ప్రశ్న: 100 సీసీ బండి ట్యాంకుకు ప్రైమర్ (రంగు పట్టడానికి కింద వేసే పూత), నలుపు, క్లియర్ (రంగు పైన వేసే రంగులేని మెరుపు పూత) అన్నీ డబ్బాలతోనే వేశాను. అద్దంలా వచ్చింది. నెల తిరక్కుండానే మూత చుట్టూ మెత్తబడింది. గోటితో గీకితే బంకలా లేచి వస్తోంది. పైన ఇంకో రెండు పూతలు క్లియర్ వేస్తే ఆగుతుందా? (పాఠకుడు, ఖమ్మం)

జవాబు: ఆగదు. పది పూతలు వేసినా ఆగదు. షాపుల్లో మామూలుగా దొరికే డబ్బా క్లియర్ వన్-కే రకం, అంటే ఏమీ కలపకుండా ఒకే భాగంగా వచ్చేది. అందులోని థిన్నర్ ఎగిరిపోతే ఆరినట్టే తప్ప, లోపల గట్టిపడే రసాయన చర్య ఏమీ జరగదు. అందుకే థిన్నర్ లాంటిది ఏది తగిలినా మళ్లీ కరుగుతుంది. పెట్రోల్ సరిగ్గా అలాంటిదే. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న ఈ20 పెట్రోల్‌లో 20 శాతం దాకా ఉండే ఇథనాల్ కూడా ఈ రకం పూతను మెత్తబరుస్తుంది. బంకులో గన్ను బయటికి తీసేటప్పుడు రాలే నాలుగు చుక్కలు మూత అంచు కింది గాడిలో నిలిచి, గాలి తగలక, రంగును నానబెడతాయి. చెడటం ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది.

ట్యాంకుకు కావాల్సింది టూ-కే క్లియర్, అంటే రెండు భాగాలు కలిసి గట్టిపడే రకం. ఈ డబ్బా లోపల హార్డెనర్ (గట్టిపరిచే రసాయనం) విడిగా ఒక చిన్న గొట్టంలో ఉంటుంది. అడుగున ఉన్న పిన్ను నొక్కితే అది పగిలి క్లియర్‌లో కలుస్తుంది. అప్పటినుంచి డబ్బాకు ఆయుష్షు ఒకటి రెండు రోజులే, ఎన్ని గంటలో డబ్బా మీదే రాసి ఉంటుంది. మిగిలింది లోపలే గట్టిపడిపోతుంది, దాచుకోవడం కుదరదు. అందుకని ట్యాంకు, సైడ్ ప్యానెళ్లు, డూమ్ (హెడ్‌లైట్ చుట్టూ ఉండే కవరు) అన్నిటికీ రంగు వేసి వరసగా పెట్టుకున్నాకే పిన్ను నొక్కండి.

మీ ట్యాంకును ఇప్పుడు మొదటినుంచీ చేయాలి. పెట్రోల్ మొత్తం తీసేసి, ట్యాంకును బండి నుంచి విప్పి, మూత తెరిచి ఆరుబయట నీడలో ఒక రోజు వదిలేయండి. ఖాళీ ట్యాంకు అంటే ప్రమాదం లేదనుకోకండి. నిండు ట్యాంకు కంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే త్వరగా అంటుకుంటుంది. కాబట్టి గ్రైండర్, వైర్ బ్రష్ బిగించిన డ్రిల్లు జోలికి పోకుండా చేత్తో, నీళ్లతో, వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం)తోనే రుద్దండి. మొదలుపెట్టే ముందు మూతి, పెట్రోల్ కాక్ రంధ్రం రెండూ గుడ్డ కుక్కి టేపు వేయండి.

గుడ్డకు కాస్త థిన్నర్ అద్ది రంగు మీద అరనిమిషం ఒత్తి చూడండి. గుడ్డకు రంగు అంటితే అది మీరు వేసిన డబ్బా రంగు, పూర్తిగా పోవాలి. అంటకుండా గట్టిగా నిలిచింది కంపెనీ రంగు. అది ఓవెన్‌లో కాల్చిన పూత, అంతకంటే మంచి పునాది దొరకదు. పీకేయకుండా 400 నంబరు పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్ది, 600తో నునుపు చేస్తే చాలు. ఇనుము బయటపడ్డ చోట మాత్రం ప్రైమర్ తప్పదు. ఎపాక్సీ ప్రైమర్ మేలు. సొట్టలకు హార్డెనర్ కలిపే రెండు భాగాల పుట్టీ వాడండి. 100 గ్రాములకు 2 గ్రాముల హార్డెనర్ సరిపోతుంది. త్వరగా ఆరాలని ఎక్కువ కలిపితే పైన వేసే రంగులోకి పసుపు మరక ఎక్కుతుంది. యాసిడ్ ఎచ్ ప్రైమర్ (యాసిడ్‌తో లోహాన్ని కాస్త కొరికి పట్టుకునే రకం) మీద నేరుగా ఈ పుట్టీ వేయకండి, పట్టు వదిలేస్తుంది.

ఒక ట్యాంకుకు 400 మి.లీ. డబ్బాలు ప్రైమర్ ఒకటి, రంగు రెండు, టూ-కే క్లియర్ ఒకటి లెక్క పెట్టుకోండి. లోపలి గోలీ గలగలమనడం మొదలయ్యాక రెండు నిమిషాలు ఊపాలి. గోలీ మోగిన వెంటనే చాలనుకుంటే మొదటి పూత పల్చటి నీళ్లలా, చివరి పూత బురదలా వస్తుంది. డబ్బాకూ ట్యాంకుకూ మధ్య జానెడు దూరం, అంటే 20 నుంచి 25 సెంటీమీటర్లు. చెయ్యి ట్యాంకు అంచు బయట మొదలై అవతలి అంచు దాటాకే ఆగాలి. ప్రతి వరస ముందు వరసలో సగం మీద పడాలి. మొదటి పూత కింద పొర కనిపించేంత పల్చగా చల్లి 10 నిమిషాలు ఆగండి. ఆ పల్చటి పొరే తర్వాతి తడి పూతలు జారకుండా పట్టుకుంటుంది. ఆపైన రెండు మూడు పూతలు, మధ్యలో 10 నుంచి 15 నిమిషాలు. చల్లేటప్పుడు డబ్బా మూతి వైపు చూడకండి. ట్యాంకు మీద బల్బు వెలుతురు ఎక్కడ పడుతోందో అక్కడ చూడండి. తడి పూత పడ్డచోట ఆ వెలుతురు గీత తెగకుండా మెరుస్తుంది, పొడిగా పడ్డచోట ఇసుక చల్లినట్టు చెదురుతుంది. చెయ్యి వేగం పెంచాలో తగ్గించాలో ఆ గీతే చెబుతుంది.

మెటాలిక్ రంగయితే క్లియర్‌కు ముందు పేపర్ పెట్టకూడదు. పైనున్న వెండి రజను కోసుకుపోయి మచ్చలు తేలతాయి.

ఇక జాగ్రత్త. టూ-కే హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. ఊపిరితిత్తులకు చెరుపు చేస్తాయి, ఒకసారి ఒంటికి పడకపోతే ఆ తర్వాత కొంచెం పీల్చినా ఉబ్బసం తెప్పించగలవు. గుడ్డ మాస్కు, ఎన్95 ఆవిరిని ఆపవు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్, దానిపై దుమ్మును ఆపే ఫిల్టర్ బిగించిన మాస్కు, కళ్లద్దాలు, నైట్రైల్ గ్లౌజులు ఉండాలి. గాలి ఆడే చోటే చేయాలి. ఉబ్బసం ఉన్నవారు ఈ పని పెట్టుకోవద్దు. ఒక్క క్లియర్ షాపులో కొట్టించుకుంటే ఖర్చు పెద్దగా కాదు. క్లియర్ చేతికి ఆరినా వారం దాకా ట్యాంకులో పెట్రోల్ పోయకండి.

ప్రశ్న: ఆగస్టులో సైడ్ ప్యానెల్‌కు నల్ల రంగు వేస్తే పది నిమిషాల్లో తెల్లగా పొగ పట్టినట్టయింది. డబ్బా కల్తీదా? (పాఠకుడు, కాకినాడ)

జవాబు: డబ్బా తప్పు కాదు, గాలిలో తేమది. థిన్నర్ వేగంగా ఆవిరయ్యేటప్పుడు తలం చల్లబడుతుంది. చల్లటి నీళ్ల గ్లాసు బయట చెమ్మ పట్టినట్టే రంగు మీద తేమ దిగి, పూతలో ఇరుక్కుంటుంది. సముద్రం ఒడ్డు ఊళ్లలో వర్షాకాలమంతా ఇదే బాధ. వాన వెలిసి ఎండ కాసిన రోజు, పొద్దున పదకొండు నుంచి మూడింటి మధ్య వేయండి. వేయబోయే భాగాన్ని ముందు ఎండలో ఉంచి, చేతికి గోరువెచ్చగా తగిలాక నీడలోకి తెచ్చి చల్లండి. ఇప్పటికే తెల్లబడినదాన్ని పీకనక్కర్లేదు. పొడిగా ఉన్న రోజు అదే డబ్బాతో పొగమంచులా ఒక పల్చటి పూత చల్లితే పై పొర కరిగి, చిక్కుకున్న తేమ బయటికి పోతుంది. చాలాసార్లు నలుపు తిరిగి వస్తుంది.

మే నెలలో దీనికి పూర్తిగా తిరగబడుతుంది. 42 డిగ్రీల ఎండలో రంగు గాల్లోనే ఆరిపోయి, నారింజ తొక్కలా గరుకుగా పడుతుంది. అప్పుడు సూర్యుడు ఎక్కకముందే పని ముగించాలి. ఏ కాలమైనా డబ్బాను ఎండలో వదలకండి, వేడినీళ్లలో ముంచకండి. 50 డిగ్రీలు దాటితే పేలే ప్రమాదం ఉంది. లోపల ఉండేది మండే గ్యాసే కాబట్టి వంటింటి పొయ్యికి, దేవుడి దీపానికి దూరంగా చల్లండి.

ప్రశ్న: రాత్రి ఒక పూత, పొద్దున్నే రెండో పూత వేశాను. కళ్లముందే ముసలివాళ్ల చర్మంలా ముడతలు పడింది. ముట్టుకుంటే మొదటి పూత ఆరే ఉంది కదా? (పాఠకుడు, నిజామాబాద్)

జవాబు: పైన ఆరింది, లోపల ఆరలేదు. ఎనామిల్ రకం రంగులతో వచ్చే చిక్కిది. రెండో పూతలోని థిన్నర్ సగం ఆరిన పొరలోకి దిగి దాన్ని ఉబ్బిస్తుంది. ఉబ్బిన పొరకు పక్కకు జరిగే చోటు లేక పైకి లేచి ముడుచుకుంటుంది. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో రెండు సమయాలుంటాయి: గంటలోపు వేయండి, లేదా 24 గంటల తర్వాత వేయండి అన్నట్టు. కొన్నిటికి 48. ఆ మధ్య కాలమే ప్రమాదం, మీరు సరిగ్గా అందులో పడ్డారు. ఇప్పుడు తుడవకండి, గీకకండి. వారం ఆరనిచ్చి 320తో ముడతలు చదును చేసి, ప్రైమర్‌తో మళ్లీ మొదలుపెట్టండి. ఒక కంపెనీ ప్రైమర్, ఇంకో కంపెనీ రంగు కలిపేముందు కనిపించని మూల ఒక చుక్క వేసి చూడటం మంచిది.

ప్రశ్న: సైలెన్సర్‌కు 600 డిగ్రీల నలుపు వేశాను, కింద రెడ్ ఆక్సైడ్ కూడా కొట్టాను. పదిహేను రోజుల్లో పెచ్చులూడింది. (పాఠకుడు, అనంతపురం)

జవాబు: ఊడింది రెడ్ ఆక్సైడ్, పైన ఉన్న నలుపు దాంతోపాటే పోయింది. మామూలు ప్రైమర్ ఆ వేడికి మాడి పొడవుతుంది. వేడి తట్టుకునే రంగు సిలికాన్ రెసిన్‌తో చేస్తారు, దాన్ని నేరుగా ఇనుము మీదే వేయాలి. తుప్పు పూర్తిగా పోయేదాకా 120, ఆపైన 220 పేపర్‌తో గరుకు చేసి, థిన్నర్‌తో తుడిచాక చేత్తో ముట్టుకోవద్దు. వేలి జిడ్డు చాలు పట్టు పోవడానికి. పల్చటి పూతలు రెండే. మందంగా వేస్తే పొర కింద థిన్నర్ చిక్కుకుని, వేడెక్కగానే బొబ్బలొస్తాయి.

చాలామంది మరిచేది దీని తర్వాతి పని. ఈ రంగు గాలికి ఆరినట్టు కనిపించినా కాల్చితేనే గట్టిపడుతుంది. ఒక రోజు ఆరాక ఆరుబయట ఇంజిన్ 10 నిమిషాలు నడిపి ఆపి, పూర్తిగా చల్లారనివ్వండి. తర్వాత 20 నిమిషాలు, మళ్లీ చల్లార్చండి. మూడోసారి బండి నడపండి. పొగ, వాసన వస్తాయి, కంగారు పడొద్దు. ఈలోపు వానలో తడిస్తే చేసిందంతా వృథా. క్రోమ్ సైలెన్సర్ అయితే పేపర్‌తో మెరుపు పూర్తిగా చావదు. ఇసుక బ్లాస్టింగ్ చేయించి తెచ్చుకుని వేయడమే దారి.

ప్రశ్న: స్కూటర్ ముందు ప్యానెల్ మీద రంగు నిలిచింది, కింది నల్ల ప్లాస్టిక్ మీద మాత్రం టేపు లాగితే పొరలా ఊడొచ్చింది. రెండిటికీ ఒకే ప్రైమర్ వాడాను. (పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: అవి రెండు వేర్వేరు ప్లాస్టిక్‌లండీ. లోపలివైపు తిప్పి చూడండి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఏబీఎస్ అనో పీపీ అనో అచ్చు పోసి ఉంటుంది. అది కనిపించకపోతే అంచున గోరంత ముక్క తీసి నీళ్లలో వేయండి. పీపీ తేలుతుంది, ఏబీఎస్ మునుగుతుంది. పీపీ మైనం లాంటిది, మామూలు రంగు దానికి అంటుకోదు. దాని కోసం ప్లాస్టిక్ ప్రైమర్ అనో అడెషన్ ప్రమోటర్ అనో విడిగా డబ్బా వస్తుంది. పల్చగా ఒక్క పూత వేసి, డబ్బా మీద రాసిన నిమిషాల్లోనే పైన రంగు వేసేయాలి. పూర్తిగా ఆరనిస్తే పని చేయదు. ఏబీఎస్‌ను మాత్రం థిన్నర్‌తో తుడవొద్దు, వెంట్రుక పగుళ్లొస్తాయి. సబ్బునీళ్లు, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. ఇంత శ్రమ పడేకంటే నల్ల పీపీ భాగాలను నల్లగానే వదిలేయడం మంచిదని మా అభిప్రాయం. రాళ్లు తగిలేవి అవే.

ప్రశ్న: రంగు పడీపడగానే అక్కడక్కడ చేప కన్నులా గుండ్రటి గుంటలు విచ్చుకుంటున్నాయి. (పాఠకుడు, విజయనగరం)

జవాబు: సిలికాన్. టైరు పాలిష్, డాష్‌బోర్డు పాలిష్, కొన్ని చైన్ స్ప్రేలలో ఉంటుంది. పేపర్‌తో రుద్దితే పోదు, ఇంకా లోపలికి పాముకుంటుంది. అందుకే కడగడం, జిడ్డు తీయడం ముందు, పేపర్ తర్వాత. జిడ్డు తీసే ద్రవంతో ఒక గుడ్డ తడిపి తుడిచి, అది ఆరేలోపే రెండో పొడి గుడ్డతో ఎత్తేయండి. ఒకే గుడ్డతో తుడిస్తే జిడ్డును అటునుంచి ఇటు పూసినట్టే.

ప్రశ్న: అల్లాయ్ చక్రాలకు టైర్లు విప్పకుండా వేయొచ్చా? (పాఠకుడు, గుంటూరు)

జవాబు: వేయొచ్చు. టైరు గాలి తీసేసి, రిమ్ముకూ టైరుకూ మధ్య పాత పేకముక్కలు ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా చుట్టూ దోపండి. టేపు కంటే శుభ్రమైన అంచు వస్తుంది. డిస్కు విప్పి పక్కన పెట్టండి, అది కూర్చునే చోటు, బేరింగు గూళ్లు, వాల్వు టేపుతో మూయండి. డిస్కు కూర్చునే తలం మీద రంగు పొర ఉంటే డిస్కు సరిగ్గా బిగుసుకోక, బ్రేకు వేసినప్పుడు లివర్ అదురుతుంది. అల్యూమినియానికి రెడ్ ఆక్సైడ్ కాదు, ఎచ్ ప్రైమర్ వాడాలి. ముందు ఫోర్కుల క్రోమ్ గొట్టాలకు మాత్రం ఏ రంగూ వేయకండి, ఆయిల్ సీళ్లు చిరుగుతాయి.

ప్రశ్న: ఎర్ర బండిని నల్లగా మారిస్తే పోలీసులు ఆపుతారా? (పాఠకుడు, వరంగల్)

జవాబు: ఆర్‌సీలో బండి రంగు రాసి ఉంటుంది. పాత రంగే మళ్లీ వేస్తే ఏ ఇబ్బందీ లేదు. బండి రంగే మార్చాలనుకుంటే ఆర్టీఏ ఆఫీసులో ఆర్‌సీలో మార్పించుకోండి. ఛాసిస్ నంబరు చెక్కిన చోట పేపర్ పెట్టొద్దు, పుట్టీ పూయొద్దు.

ప్రశ్న: క్లియర్ ఒకచోట కన్నీటి బొట్టులా కారి ఆగిపోయింది. తుడిచేయనా? (పాఠకుడు, కర్నూలు)

జవాబు: తడిగా ఉండగా వేలు పెట్టకండి. వన్-కే అయితే మూడు రోజులు, టూ-కే అయితే ఒక రోజు ఆగండి. కొత్త బ్లేడును నిలువుగా పట్టుకుని, ఆ బొట్టు శిఖరాన్ని మాత్రమే పొరలు పొరలుగా గీకండి. దాదాపు సమానమయ్యాక చిన్న చెక్కముక్కకు 1000 పేపర్ చుట్టి, సబ్బునీళ్లతో రుద్దండి. వేళ్లతో రుద్దితే పక్కన గుంట పడుతుంది. ఆపైన 1500, 2000, చివరికి రబ్బింగ్ కాంపౌండ్. పేపర్ నుంచి వచ్చే నీళ్లు తెల్లగా ఉన్నంతసేపు మీరు క్లియర్‌లోనే ఉన్నట్టు. నీళ్లలో రంగు కనిపిస్తే వెంటనే ఆపేయండి.