డొమినియన్ పాత పెట్టెలో ఒక దొంగ ఉన్నాడు, జాగ్రత్త

ఇంట్లో నలుగురం ఆడుకోవడానికి, ఎవరి కార్డుల కట్ట వాళ్లే కూర్చుకుంటూ ఆడే డొమినియన్ అనే ఆట కొనాలి, 2008 నాటి పాత పెట్టె చవకగా దొరుకుతోంది, అదే చాలా, లేక రెండో ఎడిషన్ తీసుకోవాలా, వెంట ఏ ఎక్స్‌పాన్షన్ (అదనపు కార్డుల పెట్టె) మంచిది అని అడిగారు. రెండో ఎడిషనే తీసుకోండి. పాతది ఊరికే ఇచ్చినా వద్దు. అందులో ‘థీఫ్’ అనే కార్డు ఉంది.

ఆ దొంగ మా ఇంట్లో చేసిన నిర్వాకం చెబుతాను. అక్క, నేను, మా పిన్ని, అక్క కొడుకు ఆడుతున్నాం. మావాడు థీఫ్ కొన్నదే తడవు, చేతికి వచ్చిన ప్రతిసారీ దాన్నే వేశాడు. అది పడితే మిగిలినవాళ్లంతా తమ కట్టలో పై రెండు ముక్కలు తిప్పి చూపాలి. వాటిలో డబ్బు ముక్క ఉంటే ఒకటి పోతుంది. కావాలనుకుంటే దాన్ని దొంగ తీసుకోవచ్చు. పిన్ని దగ్గర తేలినవన్నీ కాపర్లే, అంటే అతి తక్కువ విలువున్న డబ్బు ముక్కలే. అందరికీ మొదట్లో 7 కాపర్లు, 3 ఎస్టేట్లు (చిన్న పాయింట్ల ముక్కలు) ఇస్తారు కదా, ఆ కాపర్లు ఎంత త్వరగా వదిలితే అంత మేలు. కట్ట పలచబడి, గోల్డ్‌లాంటి మంచి ముక్కలు వెంటవెంటనే చేతికొస్తాయి. అంటే మావాడు పక్కింటి చెత్త మోసుకొచ్చి తన వాకిట్లో పోసుకుంటున్నాడన్నమాట.

పిన్నికి ఈ లెక్క ఎక్కలేదు. ‘ఒరేయ్, అందరిలోకీ నేనే దొరికానా నీకు?’ అంది. ‘అది అందరి మీదా పనిచేస్తుంది అమ్మమ్మా’ అని వాడు మొత్తుకున్నా వినలేదు. ‘ఇది నీకే లాభం పిన్నీ’ అని నేను చెప్పబోతే, ‘నువ్వెప్పుడూ వాడి పక్షమేగా’ అని ముక్కలు బల్ల మీద బోర్లించి చేతులు కట్టుకుంది. ఎలాగో బతిమాలి ఆట ముగించాం. పాయింట్లు లెక్కపెడితే, ఎక్కువ పాయింట్లిచ్చే ప్రావిన్సుల్లో సగానికి పైగా ఆవిడ దగ్గరే ఉన్నాయి! గెలిచినా అలక తీరలేదు. గెలిచినవాళ్లను కూడా ఏడిపించే కార్డు ఇంట్లో ఎందుకు చెప్పండి?

2016లో వచ్చిన రెండో ఎడిషన్‌లో 6 రకాల కార్డులు తీసేసి 7 కొత్తవి చేర్చారు. థీఫ్ పోయి ‘బ్యాండిట్’ వచ్చాడు. వేసినవాళ్లకు ఒక గోల్డ్ తెచ్చిపెడతాడు, ఎదుటివాళ్ల సిల్వర్, గోల్డ్ పోగొడతాడు కానీ కాపర్ జోలికి పోడు. ఆట రూపొందించిన డొనాల్డ్ ఎక్స్. వక్కరీనో కూడా మా పిన్నిలాంటి మనిషిని చూసే ఈ మార్పు చేసి ఉంటారని నా గట్టి నమ్మకం.

ఇక ఎక్స్‌పాన్షన్లంటారా, ఇప్పుడే వద్దు. పెట్టెలో కాపర్, ఎస్టేట్‌లాంటివి పోను మిగిలిన 26 రకాల్లోంచి ఆటకు 10 ఎంచుకోవాలి, అలా 53 లక్షలకు పైగా జోడింపులు వస్తాయి. అరమర నిండా పెట్టెలు పేర్చి, చివరికి రూల్స్ పుస్తకంలో మొదటి ఆటకని ఇచ్చిన పదే తిప్పి తిప్పి ఆడేవాళ్లను చూశాను.

కొనకుండా ఉండలేమంటే ‘ప్రాస్పెరిటీ’ తీసుకోండి. ఐదు విలువ చేసే ప్లాటినం, పది పాయింట్ల కాలనీ అంటే పిల్లలు ఎగిరి గంతేస్తారు. ‘సీసైడ్’ గొప్పదని చాలామంది అంటారు. అందులోని డ్యూరేషన్ కార్డులు తర్వాతి వంతు దాకా బల్ల మీదే ఉండాలి. మా ఇంట్లో ఎవరో ఒకరు వాటిని మిగతా ముక్కలతో పాటు ఊడ్చేస్తారు, ఇక ఆ కార్డు వేశామా లేదా అని తగువు. ‘ఇంట్రీగ్’ కొనాలనిపిస్తే ఎడిషన్ చూసుకోండి. పాతది ఒక్కటే కొన్నా ఆడుకోవచ్చు. కొత్తదాంట్లో కాపర్లు, ఎస్టేట్లు ఉండవు, మొదటి పెట్టె లేనిదే అది పనికిరాదు.