చేతులు చల్లబడితే ఆ రంగానికి పనికిరానట్టు కాదు

పాలకొల్లు దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి రాశారు. ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్న అమ్మాయి, డిగ్రీ చదివే అన్న ఒకే జట్టులో మొబైల్ గేమ్ పోటీలు ఆడుతున్నారట. మ్యాచ్ ముందు అమ్మాయికి గుండె దడ, చేతులు మంచుముద్దలవుతున్నాయి. అబ్బాయి మాత్రం “నాకేం లేదు” అంటున్నాడు. ఈ-స్పోర్ట్స్, అంటే ఇలాంటి వీడియో గేమ్ పోటీలు, ఆడపిల్లలకు సరిపడని రంగమా అన్నది ఆమె ప్రశ్న.

కాదమ్మా. ఉద్వేగంలో ఒంట్లో విడుదలయ్యే అడ్రినలిన్ హార్మోన్ పెరిగినప్పుడు చర్మంలోని సన్నని రక్తనాళాలు ముడుచుకుని వేళ్లు చల్లబడతాయి, అరచేతులకు చెమట పడుతుంది. సంక్రాంతి కబడ్డీలో కూతకు వెళ్లే కుర్రవాడికీ ఇదే జరుగుతుంది. అతడికి పరుగెత్తే వీలుంది గనుక ఆ ఉద్రేకం ఖర్చవుతుంది, ఫోన్ పట్టుకుని కదలకుండా కూర్చున్న పిల్లకు దడ ఒక్కటే తెలుస్తుంది.

ప్రశ్నావళులలో స్త్రీలు సగటున ఎక్కువ ఆందోళన ఉన్నట్లు చెబుతారు. అయితే పరిశీలకుల ఎదుట ప్రసంగించి, నోటిలెక్కలు చేయవలసిన ట్రియర్ అనే ఒత్తిడి పరీక్షలో, ఒత్తిడికి పెరిగే కార్టిసాల్ హార్మోన్ మగవారిలోనే ఎక్కువగా పెరిగినట్లు పలు అధ్యయనాలు చూపాయి. అది వీడియో గేమ్ కాకపోయినా, నోటితో చెప్పేదీ ఒంట్లో జరిగేదీ ఒకటి కానక్కరలేదని దానివల్ల తెలుస్తుంది. భయాన్ని పైకి చెప్పకూడదని మనమే మగపిల్లలకు నేర్పుతున్నాం. ఈసారి మ్యాచ్ ముందు ఇద్దరి నాడినీ 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించి చూడండి.

అంతకన్నా ముఖ్యంగా, ఆ దడ తెలిసినవాళ్లతో ఆడినప్పుడూ వస్తుందా, అపరిచితులు మైకులో ఉన్నప్పుడే వస్తుందా అని అమ్మాయిని నెమ్మదిగా అడగండి. ఆడగొంతు వినగానే ఎగతాళికి దిగేవారుంటారు. కారణం అదే అయితే సరిచేయవలసింది ఆమె ధైర్యాన్ని కాదు, అలాంటివారిని మ్యూట్ చేసి, ఆమె పక్షాన మాట్లాడవలసింది అన్నే.

మ్యాచ్‌కు ముందు నిమిషానికి ఆరుసార్ల చొప్పున, ఊపిరి నిదానంగా వదులుతూ అయిదు నిమిషాలు కూర్చోమనండి. చేతులు గోరువెచ్చని నీళ్లలో ముంచి పొడిగుడ్డతో తుడుచుకుంటే తెరమీద వేలు జారదు.

రంగం విషయానికి వస్తే, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కు పతకాలిచ్చారు. కేంద్రం 2025లో తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. అయినా ఆటగాళ్లుగా బతుకు వెళ్లదీయగలిగేవారు తక్కువే గనుక, ఎంపీసీ వదలనివ్వకండి.

ఆందోళన నిద్రనూ తిండినీ పట్టుకుంటే వైద్యుడికి చూపించండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయండి. “నాకేం లేదు” అనే అబ్బాయి విషయంలోనూ ఇదే చేయండి.