‘పుట్టింది’ అన్న ఒక్క మాట గురించి

మిత్రులకు నమస్కారం.

మత విశ్వాసం గురించీ, జీవుల, భాషల పరిణామం గురించీ మీరు రాసి పంపిన వ్యాసం చేరి మూడు వారాలైంది. మొదటిసారి చదివినప్పుడు పదకొండో పేజీ దగ్గర కోపం వచ్చి పక్కన పెట్టేశాను. రెండోసారి చివరిదాకా చదివాను, చివరి పేజీలో మీ నాయనమ్మ గారి మాట కనబడింది, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ వాక్యం శుభ్రంగా ఉంది. ఆ సంగతి ఇక్కడితో వదిలేసి, కోపం తెప్పించిన వాక్యం దగ్గరికి వస్తాను.

‘మనిషి కోతి నుంచి పుట్టినట్టే తెలుగు సంస్కృతం నుంచి పుట్టింది, ఈ రెండు సత్యాలనూ మతం మన నుంచి దాచిపెట్టింది’ అని రాశారు. సకల భాషలకూ సంస్కృతమే జనని అన్నది ఎవరూ దాచిన మాట కాదు, తరతరాలుగా భక్తితో చాటిన మాట. విశ్వాసాన్ని ఖండిస్తున్నానని అనుకుంటూ మీరు ఆ విశ్వాసాన్నే తీసుకుని, శాస్త్రమన్న పేరు పెట్టి, మళ్లీ పాఠకుడి చేతిలో పెట్టారు. మనిషి విషయంలో చేసిన తప్పే భాష విషయంలోనూ చేశారు. రెండు చోట్లా తప్పు చేసింది ఒకే క్రియాపదం, ‘పుట్టింది’. ఈ మాట మీద నాకున్న పట్టుదల నలభై ఏళ్లనాటిది కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

నేటి చింపాంజీకి మనం సంతానం కాదు, దాయాదులం. సుమారు 60, 70 లక్షల సంవత్సరాల క్రితం ఇద్దరికీ ఉమ్మడి పూర్వీకులుండేవి. అవి నేటి చింపాంజీలూ కావు, నేటి మనుషులూ కావు. ఆ వంశం చీలిన తరువాత మనం ఎంతకాలంగా మారుతూ వచ్చామో చింపాంజీ కూడా అంతకాలంగానూ మారుతూ వచ్చింది. భాషల సంగతీ ఇంతే. 1786లో, కలకత్తాలో న్యాయమూర్తిగా ఉన్న విలియం జోన్స్ అక్కడ చేసిన ప్రసంగంలో సంస్కృతం గ్రీకుకూ లాటిన్‌కూ తల్లి అనలేదు. మూడూ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలనీ, ఆ మూలం బహుశా ఇప్పుడు మిగిలి లేదనీ అన్నాడు. అంటే సంస్కృతాన్ని తల్లి స్థానం నుంచి అక్కచెల్లెళ్ల వరుసలోకి తెచ్చాడు. మరో ముప్పై ఏళ్లకు, 1816లో, మద్రాసులో కంపెనీ ఉద్యోగిగా ఉన్న ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ఉపోద్ఘాతం రాస్తూ, తెలుగు ఆ ఇంటిదే కాదనీ, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమనీ ధాతువులు పక్కపక్కన పెట్టి చూపించాడు. మీ వ్యాసంలో ఎల్లిస్ పేరే లేదు. ద్రావిడ భాషల మీద కాల్డ్వెల్ 1856లో ప్రచురించిన వ్యాకరణ గ్రంథం ఒక్కటే ప్రస్తావించి, దానికి నలభై ఏళ్ల ముందు జరిగిన పనిని వదిలేశారు.

ఇక ఒక చిన్న గుర్తును దగ్గరగా పెట్టుకుని చూద్దాం. పాత ముద్రణల్లో ‘వాఁడు’, ‘మూఁడు’ అని అరసున్నతో ఉంటుంది. నేను బడిలో ఉన్నప్పుడు, పలకని గుర్తును రాయడం ఎందుకని అడిగితే, పెద్దలు పెట్టారు కాబట్టి రాయమన్నారు. నమ్మి రాశాను, కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. చాలా ఏళ్ల తరువాత తమిళంలో ‘అవన్’, ‘మూన్ఱు’ అన్న మాటలు చూసినప్పుడు సమాధానం దొరికింది. మన మాటల్లోనూ ఒకప్పుడు అక్కడ నకారముండేది. అది నలిగి నలిగి ముక్కుతో పలికే ఛాయగా మిగిలి, చివరికి ఆ ఛాయ కూడా పోయింది. ‘వాడు’ అన్నప్పుడు కనబడని ఆ నకారం ‘వాని’ అన్నప్పుడు ఇవాళ్టికీ పనిచేస్తూనే ఉంది. శిలాజం కావాలంటే అదీ ఉంది: 6వ శతాబ్దానికి చెందిన కలమళ్ల శాసనంలో రేనాడు అనే సీమ పేరు ‘రేనాణ్డు’ అని ణకారంతో నిండుగా చెక్కి ఉంది, కావ్యభాషలో ‘నాఁడు’ అని అరసున్నకు కుదించుకుపోయింది, మనం ‘పల్నాడు’ అన్నప్పుడు ఏమీ మిగల్లేదు.

తిమింగలం దేహంలో, వెన్నెముకకు అతుక్కోకుండా, కండలో రెండు చిన్న కటి ఎముకలుంటాయి. దాని పూర్వీకులు నాలుగు కాళ్లతో నేల మీద నడిచిన జంతువులు. ఆ ఎముకలు పూర్తిగా నిరుపయోగమని మీరు రాశారు; అది దిద్దండి, జననేంద్రియాల కండరాలు వాటికే అంటుకుని ఉంటాయి. నడవడానికి పనికిరాకుండా పోయినవి వేరే పనిలో మిగిలాయి, సరిగ్గా ‘వాని’లో నకారం మిగిలినట్టు. ఈ పోలిక నా సొంతం కాదు. 1859లో డార్విన్ తన గ్రంథంలో, జీవుల్లో మిగిలిపోయిన అవశేషాంగాలను, పలకడం మానేసినా రాతలో నిలిచి ఉన్న అక్షరాలతో పోల్చాడు. ఆ అక్షరాలు మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే ఆనవాళ్లన్నాడు. ఆ వాక్యం చదివిన రోజు నాకు బడిలో దిద్దించిన అరసున్న గుర్తొచ్చింది, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మీరు ఇరవై పేజీల్లో ఒక్క ఎముకనైనా, ఒక్క మాటనైనా ఇలా చేతిలోకి తీసుకుని తిప్పి చూడలేదు. ‘మహత్తర సత్యం’, ‘అంధవిశ్వాసపు చీకటి’ వంటివి మాత్రం పేజీకి నాలుగున్నాయి.

నా మొదటి వ్యాసం ఈ అరసున్న మీదే. ఒక మాసపత్రికకు పంపాను. అచ్చయ్యాక చూస్తే, ‘తెలుగు సంస్కృతానికి బిడ్డ కాదు, పక్కింట్లో ఉంటూ అడిగి తెచ్చుకున్న భాష’ అన్న నా వాక్యం ‘తెలుగు సంస్కృతానికి ముద్దుబిడ్డ’ అని మారి, కింద నా పేరుతో ఉంది. సంపాదకుడిని వెళ్లి అడిగితే, పాఠకుల మనసు నొప్పించకూడదన్నాడు. పదేళ్ల తరువాత, హేతువాదినని చెప్పుకునే మరో సంపాదకుడు, నమ్మేవాళ్లను వెక్కిరించలేదన్న కారణంతో, పదును లేదని రాసి నా వ్యాసం తిప్పి పంపాడు. ఒకరికి విశ్వాసాన్ని బుజ్జగించాలి, మరొకరికి దాన్ని కొట్టాలి. ఎముక ఏం చెబుతోంది, మాట ఏం చెబుతోంది అని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. ఆ ఇద్దరినీ నేను ఇప్పటికీ క్షమించలేదు. మీ వ్యాసంలో ఆ రెండో సంపాదకుడి గొంతు వినబడుతోంది కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

దశావతారాల్లో పరిణామ సిద్ధాంతముందని చెప్పేవాళ్ల గురించి మీరు రెండు పేజీలు రాశారు. ఆ ఫ్యాషన్ మీద నాకూ మీ అంత కోపముంది, కానీ మీరు ఇచ్చిన కారణం చాలదు. చేప, తాబేలు, వరాహం, నరసింహం, వామనుడు అని ఒకదాని పైన ఒకటి పేర్చితే అది నిచ్చెన అవుతుంది. పరిణామం చూపించేది నిచ్చెన కాదు, కొమ్మలు చీలే చెట్టు. నేల మీదికి వచ్చిన జీవుల వంశం చేపల నుంచి విడివడ్డాక కూడా నీటిలో ఉన్న చేపలు ఆగిపోలేదు, కొత్త కొత్త జాతులుగా చీలుతూనే వచ్చాయి. భక్తుడి దృష్టిలో అవతారం లోకాన్ని కాపాడడానికి జరిగింది. దానికి జీవశాస్త్రం సాక్ష్యం అక్కర్లేదు, అడిగితే ఆ కథకే అన్యాయం.

పోలిక కనబడగానే చుట్టరికం కలిపే అలవాటు కూడా మానండి. సొర చేపకూ డాల్ఫిన్‌కూ ఆకారం ఒకటే, కానీ ఒకటి చేప, రెండోది పాలిచ్చే జంతువు. ఫార్సీలో ‘బద్’ అంటే చెడు, ఇంగ్లీషులో ‘బ్యాడ్’ అంటే చెడు, ఆ రెండు మాటలకూ ఏ సంబంధమూ లేదు. ఒక్కొక్క మాట పోలితే చాలదు, మార్పు ఒక నియమంగా కనబడాలి. కన్నడంలో ‘కివి’, తెలుగులో ‘చెవి’. అక్కడ ‘కెరె’, ఇక్కడ ‘చెరువు’. అక్కడ ‘కెడు’, ఇక్కడ ‘చెడు’. ఇ, ఎ అచ్చుల ముందున్న కకారం మనకు చకారమైంది. ఇలాంటి వరస దొరికినప్పుడే చుట్టరికం అనాలి.

జీవులకూ భాషలకూ పోలిక ఎక్కడ తెగుతుందో కూడా మీరు చెప్పాలి. ఆవు గుర్రం నుంచి డెక్కను అరువు తెచ్చుకోలేదు, కానీ తెలుగు సంస్కృతం నుంచి వేల మాటలు తెచ్చుకుంది. సూక్ష్మజీవుల్లో తప్ప జంతువుల్లో అలాంటి ఇచ్చిపుచ్చుకోవడం బహు అరుదు. ఈ అరువు చూసే చాలామంది తల్లీబిడ్డలని భ్రమపడ్డారు. అయితే సర్వనామాలు, చిన్న సంఖ్యలు, రోజువారీ క్రియలు మాత్రం మన సొంతంగానే ఉండిపోయాయి. దీన్ని ముందుగా గమనించింది మన వైయాకరణులే. సంస్కృతాన్ని దేవభాషగా కొలిచినవాళ్లే తత్సమం, తద్భవం అన్నాక, వాటిలో ఇమడని మాటలకు ‘దేశ్యం’ అని వేరే గది కట్టారు. ఎల్లిస్ తన వాదనకు ఆ విభజననే ఆధారం చేసుకున్నాడు. వాళ్ల భక్తి వాళ్ల చెవిని మూసేయలేదు. ఈ ఒక్క సంగతి మీ వ్యాసంలో ఉండి ఉంటే పదకొండో పేజీలోని ఆ వాక్యం రాయడానికి మీకు చెయ్యి వచ్చేది కాదు.

ఇక మీ నాయనమ్మ గారు. మీరు కోట్ల సంవత్సరాల లెక్క, చేపలు, బల్లులు, కోతులు అన్నీ వివరించాక, ఆవిడ కాసేపు ఆలోచించి, ‘అయితే దేవుడికి అంత ఓపిక ఉందన్నమాట’ అన్నారని రాశారు. మొత్తం వ్యాసంలో ప్రాణమున్న వాక్యం ఇదొక్కటే. దాని కిందనే మీరు, ‘అజ్ఞానం ఇలా తనను తాను సమర్థించుకుంటుంది’ అని చేర్చారు. ఆ వాక్యం కొట్టేయండి. 1859 నవంబరులో డార్విన్ గ్రంథం అందుకున్న చార్లెస్ కింగ్స్లీ అనే క్రైస్తవ మతాచార్యుడు, వాటంతట అవి మారగల కొన్ని ఆదిరూపాలను దేవుడు సృష్టించాడనుకోవడం కూడా అంతే ఉదాత్తమైన భావన అని ఆయనకు రాశాడు. డార్విన్ ఆ మాటను విలువైనదిగా ఎంచి, పేరు చెప్పకుండా తన గ్రంథం రెండో ముద్రణలో చేర్చుకున్నాడు. మీ నాయనమ్మ గారు ఎవరి ఉత్తరమూ చదవకుండా, ఒక్క పూటలో, తన సొంత మాటలో అక్కడికి చేరారు.

ఆవిడ మాటతో సమస్య తీరిపోయిందని నేను అనను. డార్విన్ 1851లో పదేళ్ల కూతురు ఆనీని పోగొట్టుకున్న తండ్రి. 1860లో, దైవభక్తుడైన తన మిత్రుడు, వృక్షశాస్త్రవేత్త ఆసా గ్రేకు రాసిన ఉత్తరంలో ఒక జాతి కందిరీగల సంగతి ఎత్తాడు. వాటి పిల్లలు బతికి ఉన్న గొంగళిపురుగు శరీరంలోనే ఉండి దాన్ని తింటూ పెరుగుతాయి. దయామయుడైన దేవుడు కావాలని వాటిని సృష్టించాడని తనను తాను ఒప్పించుకోలేకపోతున్నానని రాశాడు. ఆసా గ్రే తన విశ్వాసాన్ని వదల్లేదు, డార్విన్ సిద్ధాంతం తరఫున వాదించడమూ మానలేదు, ఇద్దరి స్నేహమూ చెడలేదు. మీ వ్యాసంలో చోటు ఇవ్వవలసింది ఇలాంటి సంభాషణకు.

కాబట్టి ఆ కందిరీగ గురించి కూడా మీ నాయనమ్మ గారికి చెప్పండి. ఆవిడ ఏమంటారో, మాట మార్చకుండా, ఆవిడ పలికినట్టే రాసి నాకు పంపండి.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి