మొసళ్ళ వేటకు వెళ్ళే మనవడు, వాడితో మాటల్లేని అమ్మమ్మ

ప్రశ్న: నా వయసు 64. మాది సంగారెడ్డి దగ్గర పల్లె, మాంసం ముట్టని ఇల్లు. చిన్నప్పుడు మంజీర గట్టున మొసళ్ళు ఎండకు పడుకుంటే చూశాను. మావారు పోయాక, రెండేళ్ళ క్రితం అమెరికాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వచ్చేశాను. వాళ్ళుండేది లూసియానా రాష్ట్రంలో హోమా అనే ఊరు. అల్లుడు అక్కడివాడే, కేజన్లట, ఫ్రెంచి మూలాలున్నవాళ్ళు. మంచివాడు, నన్ను ‘అమ్మా’ అనే పిలుస్తాడు. కానీ ఏటా ఆగస్టు చివర్లో వాళ్ళ నాన్న, అన్నదమ్ములు, వాళ్ళ పిల్లలు అంతా కలిసి మొసళ్ళ వేటకు వెళ్తారు. వాళ్ళకది పండగ. నిరుడు పదేళ్ళు నిండిన మా మనవణ్ణి కూడా తీసుకెళ్ళారు. మధ్యాహ్నం వాడు నెత్తుటి మరకల చొక్కాతో పరుగెత్తుకొచ్చి, ఫోన్‌లో ఫొటో చూపించబోతూ నా చెయ్యి పట్టుకున్నాడు. ‘ఆ చేతులతో నన్ను ముట్టుకోకు’ అన్నాను. ఆ తర్వాత రెండు మూడు రాత్రులు వాడు నిద్రలో ఉలిక్కిపడ్డాడు. పాపం చుట్టుకుందని దీపం పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. ఏడాది కావస్తోంది, వాడు నా గదిలోకి రావడం లేదు. నా చేతి ముద్ద తినందే పడుకోనివాడు ఇప్పుడు ప్లేటు తీసుకుని టీవీ ముందుకు పోతున్నాడు. వాడికి తెలుగు కూడా రాకుండా పోతుందేమోనని రాత్రులు దిగులు పడతాను. ఈసారి తుపాకీ తనే పట్టుకుంటాడట. వద్దని మా అమ్మాయితో అంటే, ‘నీకంత ఇబ్బందిగా ఉంటే టికెట్ తీస్తాను, ఇండియా వెళ్ళు’ అంది. వేటకు ఇంకా మూడు వారాలుంది. వాణ్ణి ఎలా ఆపాలి? నేను వెళ్ళిపోవడమే మంచిదా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి పూర్తిగా మీ పక్షానే ఉన్నాను. నేనూ మాంసం ముట్టని ఇంట్లో పుట్టినదాన్నే. పదేళ్ళ పిల్లవాడి చొక్కా మీద నెత్తురు అని చదవగానే నాకూ కడుపులో తిప్పింది. రెండోసారి మాత్రం ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘నిద్రలో ఉలిక్కిపడ్డాడు’ అని రాశారు. దాన్ని మీరు పాపం లెక్కలో వేసి ముందుకు వెళ్ళిపోయారు. నాకు అది దాటి వెళ్ళబుద్ధి కాలేదు.

ఆ రోజు వాడు ఏం చూసి ఉంటాడో ఒక్కసారి ఆలోచించండి. లూసియానాలో ఈ వేట ముందురోజే మొదలవుతుంది. బేయూ, అంటే చిత్తడిలో మెల్లగా పారే పాయ, దాని గట్టున కర్ర పాతి, కొక్కేనికి కోడి మాంసం గుచ్చి, నీళ్ళకు కాస్త పైన వేలాడేలా తాడు కడతారు. మర్నాడు పొద్దున్నే పడవేసుకుని ఒక్కో తాడూ చూసుకుంటూ పోతారు. బిగుసుకుని నీళ్ళలోకి దిగిపోయిన తాడు కనిపిస్తే చేతులతో లాగుతారు. లోపలినుంచి ఎనిమిదడుగుల జంతువు గిరగిరా తిరుగుతూ, తోకతో నీళ్ళు చిమ్ముతూ పైకి వస్తుంది. పడవ ఊగిపోతుంది. తల వెనక ఉండే మెత్తటి చోట చిన్న తుపాకీతో కాలుస్తారు. పడవలోకి లాగాక కూడా చాలాసేపు అది కదులుతూనే ఉంటుంది, ప్రాణం పోయినా కండరాలు అదురుతాయి. అందుకే దవడలకు టేపు చుడతారు. ఇదంతా వాడికి మూరెడు దూరంలో జరిగింది. చుట్టూ పెద్దవాళ్ళు సంబరంగా అరుస్తున్నారు. అప్పుడు వాడికి భయం వేసినా ‘భయం వేసింది’ అని ఎవరితో అంటాడు?

ఇంటికొచ్చి మీ దగ్గరికే పరుగెత్తాడు. అమ్మ దగ్గరికి వెళ్ళలేదు, మీ చెయ్యి పట్టుకున్నాడు. అందులో గొప్ప చెప్పుకోవాలన్న ఉబలాటం ఉండొచ్చు, దాని అడుగున భయం ఉండొచ్చు. ఫొటో చూపించాక మెల్లగా అదీ చెప్పేవాడేమో. అంతలో మీ నోటి నుంచి ఆ మాట వచ్చింది. మిమ్మల్ని తప్పుపట్టాలని అనడం లేదమ్మా. అంత నెత్తురు ఎదురుగా కనిపించినప్పుడు మనసు అలాగే అరుస్తుంది. కానీ ఆ మాట వాడి మీద ఏడాదిగా ఉంది. తన చేతుల్లో ఏదో చెడ్డది ఉందని వాడనుకుంటున్నాడు, అందుకే మీ చేతి ముద్దకి రావడం లేదు. మిమ్మల్ని తప్పించుకుంటున్నాడని మీరు బాధపడుతున్నారు. తను మీకు పనికిరానివాణ్ణయ్యానని వాడు అనుకుంటున్నాడని నా నమ్మకం.

కాబట్టి వేట ఆపడం గురించి తర్వాత మాట్లాడదాం. ముందు వాడి దగ్గరికి వెళ్ళండి. వేట మాట ఎత్తకుండా ఇంతే చెప్పండి: ‘కన్నా, నిరుడు నిన్ను ముట్టుకోవద్దన్నాను. అది తప్పు. నువ్వు ఏం చేసినా ఎక్కడికి వెళ్ళినా నా దగ్గరికి రావచ్చు.’ దాని వెనక ‘కానీ’ అని చేర్చకండి. ‘కానీ చంపడం పాపం కదా’ అన్నారంటే వాడికి ఆ రెండో సగమే వినిపిస్తుంది. వాడికి తెలుగు ఎంత అర్థమవుతుందో మీకే తెలుసు, కావలిస్తే మధ్యలో ఇంగ్లిష్ ముక్కలు కలపండి. వాడు వెంటనే కరిగిపోయి ఒళ్ళో పడడు. పదకొండేళ్ళవాడు, ‘ఓకే’ అని ఫోన్ చూసుకుంటాడు. అదే చాలు, అంతకన్నా తరచి అడగకండి.

పాపం సంగతి తేల్చే అర్హత నాకు లేదు. మీ నమ్మకం మీది, దీపం పెట్టుకోండి, వాడి పేరున దణ్ణం పెట్టుకోండి. ఆ మాట మాత్రం పిల్లవాడి నెత్తిన పెట్టొద్దు. పెద్దవాళ్ళు తీసుకెళ్ళిన చోటికి వెళ్ళినవాడు వాడు. మీ అభ్యంతరం వినాల్సింది తీసుకెళ్ళినవాళ్ళు.

మీ వియ్యంకుడు గారి గురించి మీరు ఉత్తరం చివర చేర్చిన నాలుగు మాటలు ఇక్కడ వేయలేదు. ఆయన మీద మీకున్న కోపం వాటిలో తెలుస్తూనే ఉంది. మీరు పెరిగిన చోట మొసలి గురించి ఒక పద్ధతి ఉంది, ఆయన పెరిగిన చోట ఇంకో పద్ధతి ఉంది. చిన్నప్పుడు మంజీర గట్టున మొసళ్ళు ఎండకు పడుకుంటే చూశానని రాశారు. మన దేశంలో 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది, ఇవాళ మొసలిని చంపితే జైలే. విచిత్రం చూడండి, అదే 1972లో లూసియానా వాళ్ళు ఈ వేటను మళ్ళీ మొదలుపెట్టారు. తోలు కోసం విచ్చలవిడిగా చంపడంతో అక్కడి మొసళ్ళు, అంటే అలిగేటర్లు, బాగా తగ్గిపోయి, 1962లో రాష్ట్రమంతా వేట మూసేశారు. పదేళ్ళ తర్వాత ఒక్క కామెరాన్ ప్రాంతంలో లెక్క ప్రకారం తెరిచారు, 1981 నుంచి రాష్ట్రమంతటా అనుమతించారు. చిత్తడి నేల ఎంత ఉందో చూసి ఇన్ని ట్యాగులని ఇస్తారు. చంపిన ప్రతి మొసలి తోకకూ ఒక ట్యాగు కట్టాలి, ట్యాగులు అయిపోతే వేట అయిపోయినట్టే. ఆగస్టు చివర, సెప్టెంబరు అని కాలం పెట్టడానికి కూడా కారణం ఉంది. అప్పుడు ఆడవి ఎక్కువగా లోపలి చిత్తడిలో గూళ్ళ దగ్గర ఉంటాయి, తాళ్ళకు పడేవి చాలావరకు మగవి. ఇప్పుడు ఆ రాష్ట్రంలో అలిగేటర్లు లక్షల్లో ఉన్నాయి.

ఇది చెప్పింది మీరు వేటను మెచ్చుకోవాలని కాదు. నాకూ మెచ్చుకోవడం రాదు. మీ మనవణ్ణి తీసుకెళ్ళినవాళ్ళు దొంగవేటగాళ్ళు కారని, జాలిలేనివాళ్ళు కానక్కర్లేదని మీకు తెలియాలని చెప్పాను.

ఇంకొకటి కూడా ఉంది. కేజన్ల పూర్వీకులు కెనడా వైపు నోవా స్కోషియాలో ఉండే ఫ్రెంచివాళ్ళు. 1755 నుంచి బ్రిటిష్‌వాళ్ళు వాళ్ళను అక్కడినుంచి వెళ్ళగొట్టారు, వాళ్ళలో కొందరు చివరికి లూసియానా చిత్తడి నేలల్లో స్థిరపడ్డారు. 1921లో ఆ రాష్ట్రం బడుల్లో చదువు ఇంగ్లిష్‌లోనే అని రాజ్యాంగంలో రాసుకుంది. ఇంట్లో మాట్లాడే ఫ్రెంచి బడిలో నోరు జారితే పిల్లలను కొట్టేవారు. అలా రెండు తరాల్లో చాలా ఇళ్ళలో భాష పోయింది. వాళ్ళ నేల కూడా పోతోంది. 1932 నుంచి లూసియానా తీరంలో సుమారు 2,000 చదరపు మైళ్ళు నీళ్ళలో కలిసిపోయాయి. ఇప్పుడు మీ వియ్యంకుడు గారి చేతిలో మనవడికి ఇవ్వడానికి ఏం మిగిలింది? ఆ పడవ, ఆ బేయూ, ఆ తాడు కట్టే పద్ధతి. వాడికి తెలుగు రాకుండా పోతుందేమోనని మీరు రాత్రులు దిగులు పడతానని రాశారు కదా. ఆయనకూ అలాంటి దిగులే ఉండి ఉంటుందని నాకనిపిస్తోంది. ఇద్దరూ ఒకే పిల్లవాడి చెరో చెయ్యి పట్టుకుని లాగుతున్నారు.

ఇప్పుడు తుపాకీ విషయం. ఇక్కడ మీరు భయపడటం న్యాయమే, దీన్ని వదలకండి. కానీ ‘వాణ్ణి పంపొద్దు’ అంటే మీ అమ్మాయి వినదు, ఒకసారి విన్నారుగా జవాబు. అల్లుణ్ణి, అమ్మాయిని కూర్చోబెట్టి ప్రశ్నలు అడగండి. ఊగే పడవలో, పక్కన మొసలి కొట్టుకుంటుంటే, పదకొండేళ్ళవాడు తుపాకీ ఎలా పట్టుకుంటాడు? వాడి వెనక ఎవరుంటారు? ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖ వేట భద్రత క్లాసులు నడుపుతుంది, వాడు అది పూర్తి చేశాడా? చెయ్యకపోతే ఈ ఏడు తుపాకీ వద్దని, తాడు చూడటం, ట్యాగులు లెక్కపెట్టడం వరకే ఉంచమని అడగండి. లైఫ్ జాకెట్ వేస్తున్నారా? చిన్న పడవల్లో పదహారేళ్ళు, అంతకన్నా తక్కువ వయసున్న పిల్లలకు అది అక్కడ తప్పనిసరి. పడవలో ఎవరైనా బీరు తాగుతారా? ఇవన్నీ ఏ దేశంలో ఏ అమ్మమ్మయినా అడగగలిగిన మాటలు. మీ అల్లుడు మంచివాడని మీరే అన్నారు, ఇలా అడిగితే కాదనలేడు.

అన్నిటికన్నా ముఖ్యంగా, వాడికి వెళ్ళాలని నిజంగా ఉందో లేదో ఎవరైనా ఒంటరిగా అడిగారా? మీరు అడగొద్దు, మీ దగ్గర వాడు మీకు నచ్చే జవాబు చెబుతాడు. తాత దగ్గర తాతకు నచ్చేది చెబుతాడు. మీ అమ్మాయిని అడగమనండి, కారులో వెళ్తున్నప్పుడు, మొహం మొహం చూసుకోకుండా. ఆ ఉలిక్కిపాటు గురించి ఆమెకు తెలుసా? తెలియకపోతే చెప్పండి. ‘పాపం’ అనకుండా ‘వాడు రెండు మూడు రాత్రులు సరిగ్గా పడుకోలేదు’ అని చెప్పండి. తల్లి కదా, ఆ మాట వింటుంది. వెళ్తానన్నా, మధ్యలో ‘ఇక చాలు, గట్టు మీద ఉంటాను’ అంటే ఎవరూ ఎగతాళి చేయకూడదని తండ్రి ముందే మాటివ్వాలి.

మీరు చేయనక్కర్లేనివి కూడా ఉన్నాయి. ఆ మాంసం తినక్కర్లేదు, ముట్టుకోనక్కర్లేదు, ఫొటోలు చూడక్కర్లేదు. మొసలి మాంసంతో సాస్ పికాంట్ అనే కారం కూర వండే రోజున మీకు విడిగా గిన్నె, విడిగా గరిటె పెట్టమని, ఫ్రీజర్‌లో మీ అర మీకు వదిలేయమని అడగండి. అడగడానికి మొహమాటపడి, లోపల రగిలిపోయి, చివరికి ఒకరోజు అందరి మీదా అరవడం కన్నా ఇది మేలు. వీలైతే ఇంకొకటి కూడా చేయండి: వేట లేని రోజుల్లో ఒకసారి ఆ బేయూ చూపించమని మీ వియ్యంకుడు గారిని అడగండి. మొసలి గూడు ఎలా ఉంటుందో, తల్లి పిల్లలను నోట కరచుకుని నీళ్ళలోకి ఎలా తీసుకెళ్తుందో ఆయనకు తెలిసే ఉంటుంది. మీకు మంజీర తెలుసు. మీ ఇద్దరి మధ్యలో పడవలో మనవడు కూర్చుని ఒకరి మాట ఇంకొకరికి చెబుతాడు. ఆ పని వాడికి నచ్చుతుందని నా ఆశ.

టికెట్ మాట. మీ అమ్మాయి అది కోపంలో అంది. అటు అత్తవారు, ఇటు అమ్మ, మధ్యలో కొడుకు, ఆమెకు ఊపిరాడటం లేదు. సంగారెడ్డి వెళ్ళాలని మీకు నిజంగా ఉంటే, చుట్టాలను చూడాలని ఉంటే, చలికాలంలో నిదానంగా వెళ్ళి రండి. ఈ మూడు వారాల్లో మాత్రం వద్దు. ఇప్పుడు వెళ్తే, తన చేతుల వల్లే అమ్మమ్మ వెళ్ళిపోయిందని వాడు పెద్దయ్యాక కూడా అనుకుంటాడు.

ఆ వైపు వేట ఆగస్టు చివరి బుధవారం మొదలవుతుంది. ఆ రోజు వాడు వెళ్తే, గదిలో తలుపు వేసుకుని కూర్చోకండి. పప్పన్నం కలిపి పెట్టుకుని ఉండండి. రాగానే స్నానం చేసి రమ్మనండి, ఏ పని మీద బయటికెళ్ళి వచ్చినా అనే మాటలాగే అనండి. కూర్చున్నాక ‘ఏం చూశావురా?’ అని ఒక్కటే అడగండి. వాడు భయమేసిందన్నా, బాగుందన్నా, అసలేమీ చెప్పకపోయినా, మీ చేత్తో ముద్ద నోటికందించండి.