చిట్కాలు సరే, బీపీ చూపించుకున్నావా?

తెనాలి

చి.సౌ. సుధకు పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. ఆరో నెల నిండినా రోజూ బడికి వెళ్లి పాఠాలు చెబుతున్నావని, నెలలు నిండేదాకా సెలవు పెట్టనంటున్నావని చెప్పింది. రాత్రిళ్లు గుండెల్లో మంటతో లేచి కూర్చుంటున్నావట. అయినా ఒక్క మాత్ర మింగనని, అంతా ఇంటి వైద్యంతోనే నెట్టుకొస్తానని పట్టుబట్టావట. నీ పట్టుదల విని గర్వపడ్డాను. చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోయినా కిక్కురుమనకుండా వచ్చి నూతి దగ్గర కాళ్లు కడుక్కునేదానివి. కానీ వీడియోలు చూసి నువ్వు రాసుకున్న చిట్కాల జాబితాను మీ అమ్మ చదివి వినిపించాక మాత్రం నాకు నిద్ర పట్టలేదు. అందులో సగం మంచివే. కొన్ని కడుపుతో ఉన్న పిల్ల ముట్టుకోకూడనివి. ఫోన్‌లో చెబితే 'సరే పెద్దమ్మా' అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఒకటికి రెండుసార్లు చదువు.

ముందు మంట ఎందుకు వస్తుందో తెలుసుకో. కడుపుతో ఉన్నప్పుడు ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ ఒంట్లో బాగా పెరుగుతుంది. గర్భసంచి బిగుసుకోకుండా బిడ్డను కాపాడేది అదే. అయితే అన్నవాహిక జీర్ణాశయంలో కలిసేచోట ఒక కండరం ఉంటుంది, దాన్ని కూడా ఇది సడలిస్తుంది. తిన్నది కిందికి దిగడమూ ఆలస్యమవుతుంది. ఆపైన బిడ్డ పెరిగే కొద్దీ గర్భసంచి జీర్ణాశయాన్ని పైకి నెడుతుంది. ఇక పులుపు గొంతులోకి ఎగదన్నక ఏం చేస్తుంది? గర్భిణుల్లో సగానికి పైగా ఈ బాధ పడతారు. నెలలు గడిచే కొద్దీ పెరుగుతుంది, కాన్పు కాగానే చాలామందికి పోతుంది. ఈ మంట వల్ల బిడ్డకు ఏ హానీ లేదు. ఆ బెంగ పెట్టుకోకు.

ఇద్దరి కోసం తినాలని ఎవరైనా కంచం నింపితే వద్దని చెప్పు. రోజుకు ఐదారుసార్లు కొంచెం కొంచెంగా తిను. అన్నం తింటూ చెంబెడు నీళ్లు తాగకు, మధ్యమధ్య తాగు. కాఫీ ఉదయం ఒక్క కప్పుతో ఆపు. బజ్జీలు, పునుగులు, చాక్లెట్లు, టమాటా పచ్చడి, చింతపండు పులుసు తగ్గించు. గోంగూర, ఆవకాయ మీద కోరిక పుడితే చంపుకోమనను. మధ్యాహ్నం పెరుగన్నంలో చిన్న ముక్క నంజుకో. రాత్రి మాత్రం వాటి వంక చూడకు.

నీ జాబితాలోవి ఇప్పుడు చెబుతాను. పులియని పెరుగును పలచగా చిలికి, చిటికెడు జీలకర్ర పొడి వేసుకుని తాగు. అది మంచిదే. కాచి చల్లార్చిన పాలు అర గ్లాసు తాగితే ఆ పూటకు హాయిగా ఉంటుంది. గ్లాసులకు గ్లాసులు తాగితే కాసేపటికి ఆమ్లం మళ్లీ ఊరుతుంది. భోజనం తర్వాత చిటికెడు సోంపు నమలడంలో తప్పు లేదు. నమిలితే లాలాజలం ఊరుతుంది, అది మింగితే అన్నవాహికలో పులుపు విరుగుతుంది. అరటిపండు, రాగి జావ, సగ్గుబియ్యం జావ నీ ఇష్టం. పుదీనా చలవ అనుకుంటాం కానీ, అది ఆ కండరాన్ని ఇంకా వదులు చేస్తుంది. దాన్ని పక్కన పెట్టు. యాపిల్ సైడర్ వెనిగర్ ఎవరు చెప్పారమ్మా? పుల్లగా మండుతున్న గొంతులో ఇంకో పులుపు పోసుకోవడం ఎందుకు?

అతిమధురం కషాయం, కలబంద రసం అని రాసుకున్నావే, ఆ రెండూ ఇప్పుడే కొట్టెయ్. అతిమధురం ఎక్కువైతే ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచి బీపీ పెరుగుతుంది. కడుపుతో ఉన్నవాళ్లకు అది అసలు వద్దు. కలబంద రసం విరేచనాలు పట్టిస్తుంది, గర్భసంచిని కదిలించే గుణమూ దానికి ఉంది. చెట్టు నుంచి వచ్చినదల్లా చల్లనిదే అనుకోకు సుధా. ఆయుర్వేదం చదివిన వైద్యులే గర్భిణికి మందు ఇచ్చేముందు ఆచితూచి ఇస్తారు. వీడియోలో మాట్లాడే మనిషికి నువ్వు ఎన్నో నెలలో ఉన్నావో కూడా తెలియదు.

రాత్రి అన్నం ఏడున్నరకల్లా ముగించు. తిన్నాక రెండు మూడు గంటలు నడుం వాల్చకు. పేపర్లు దిద్దుకోవాలంటే అప్పుడు కూర్చుని దిద్దుకో. మెడ కింద రెండు మూడు దిండ్లు పేర్చుకుంటున్నావట. దానివల్ల నడుం దగ్గర ఒళ్లు మడతపడి పొట్ట మీద ఇంకా ఒత్తిడి పడుతుంది. అల్లుడితో చెప్పి మంచం తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పడుకోబెట్టించు. ఆరు అంగుళాల ఎత్తు వస్తుంది. కోడు జారకుండా ఇటుకల మీద గోనెపట్టా ముక్క వేయమను. మొదటిరోజు కాళ్లవైపు జారిపోతున్నట్టు ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది. ఎడమవైపు తిరిగి పడుకో. అలా పడుకుంటే ఆమ్లం పైకి రావడం తగ్గుతుంది, బిడ్డకు రక్తప్రసారం కూడా బాగుంటుంది. ఇంకొకటి, చీర కట్టినా చుడీదార్ వేసినా నాడా పొట్ట మీద బిగించకు. పొట్ట కిందికి దించి, వదులుగా కట్టు. నేను ఏఎన్ఎంగా ఇళ్లకు తిరిగే రోజుల్లో, మంట అని మూలిగిన పిల్లల్లో చాలామందికి నడుం చుట్టూ నాడా అచ్చు ఎర్రగా కనిపించేది. అది వదులు చేస్తే కొందరికి సగం బాధ అక్కడికక్కడే తీరేది.

ఇక వంటసోడా. నీ జాబితాలో అది చివర ఉందట, 'మరీ భరించలేకపోతే' అని పక్కన రాసుకున్నావట. మీ అమ్మ ఆ ముక్క చదవగానే నా చేతులు చల్లబడ్డాయి. ఎందుకో చెబుతాను. కడుపుతో ఉన్న పిల్లకు చెప్పే కథ కాదని ఇన్నాళ్లు దాచాను. ఇద్దరూ దక్కారు కనుక ఇప్పుడు చెబుతున్నాను.

1986 వేసవి. మా అత్తవారింట ఆవకాయలు పెట్టే రోజులు. మా తోడికోడలికి తొలి కాన్పు, ఎనిమిదో నెల. తల్లి లేని పిల్ల, పుట్టింటికి తీసుకువెళ్లి పురుడు పోసేవాళ్లు లేక అక్కడే ఉండిపోయింది. నేను కొత్త కోడలిని. పెద్దల మధ్య నోరు విప్పే చనువు నాకింకా రాలేదు. ఒకరోజు సాయంత్రం పొట్ట పైభాగంలో, కుడిపక్క డొక్క కింద మండుతోందని గోడకు ఆనుకుని కూర్చుంది. కొత్తావకాయ తిన్నది కదా, వేడి చేసిందన్నారు. మా అత్తగారు నిమ్మకాయ నీళ్లలో వంటసోడా కలిపి ఇచ్చారు. పొంగుతుండగానే గటగటా తాగింది. పెద్ద తేన్పు వచ్చింది. గ్యాసే అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

రాత్రి మళ్లీ అదే నొప్పి, మళ్లీ సోడా. తల పగిలిపోతోందంటే శొంఠి అరగదీసి నుదుట పట్టు వేశారు. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. నెలలు నిండుతుంటే నీరు పట్టడం మామూలే అన్నారు. తెల్లవారేసరికి ముంజేతుల మీద గాజులు కదలడం లేదు. ఆ ముందు వారం మోచేతి దాకా జారిన గాజులవి. సబ్బు రాసి నేనే తీయబోయాను, రాలేదు. దేవుడి దగ్గర దీపం వైపు చూస్తూ, దాని చుట్టూ మిణుగురులు తిరుగుతున్నట్టున్నాయని నాతో అంది. నిద్ర లేక అలా ఉందన్నారు. పొద్దెక్కేసరికి ఫిట్స్ వచ్చాయి. కడుపుతో ఉన్నవాళ్లకు ఫిట్స్ తెప్పించే గుర్రపువాతం అని అప్పుడు గాని ఎవరికీ తట్టలేదు.

ఆ రోజుల్లో 108 ఎక్కడిది? ధాన్యం లారీ వెనక పరుపు వేసి పట్నం తీసుకువెళ్లారు. ఆసుపత్రిలో బీపీ చూసిన నర్సు ఆ అంకె చెప్పకుండా డాక్టరు కోసం పరుగెత్తింది. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. తల్లికి తెలివి వచ్చేదాకా ఆ బిడ్డను దూదిలో చుట్టి చూసుకున్నాం. నీ పెళ్లిలో భోజనాల దగ్గర నిలబడి వడ్డన చూసిన మా బావగారి అబ్బాయి వాడే.

ఫిట్స్ సోడా వల్ల రాలేదు. బీపీ పెరగడం వల్ల వచ్చాయి. సోడా చేసిన కీడు వేరు. తేన్పు తెప్పించి, నెమ్మదించినట్టు అనిపించి, ఆసుపత్రికి వెళ్లవలసిన రాత్రిని కాస్తా తినేసింది. పైగా అందులో ఉండేది సోడియం. గర్భిణికి అది ఒంట్లో నీరు నిలిచేలా చేస్తుంది, ఎక్కువైతే రక్తంలో ఆమ్లం, క్షారం తూకం తప్పుతుంది. బజారులో పొట్లాల్లో అమ్మే ఈనో పొంగేదీ ఈ సోడాతోనే. డాక్టరును అడగకుండా అదీ వద్దు. మా అత్తగారిది ప్రేమ లేక జరిగిన పొరపాటు కాదు. ఆ పిల్లను కూతురిలా చూసుకునేవారు. ఆ ఇంట్లో ప్రేమకు లోటు లేదు, బీపీ చూసేవాళ్లు లేరు. తర్వాత నేను ఏఎన్ఎం శిక్షణలో చేరాను. మంట అని ఏ పిల్ల చెప్పినా ముందు చేతికి పట్టీ చుట్టి బీపీ చూసి, ఆ తర్వాతే మిగతా మాట వినేదాన్ని.

కాబట్టి మంటకూ ఈ నొప్పికీ తేడా గుర్తుపెట్టుకో. మామూలు మంట రొమ్ము ఎముక వెనక ఉంటుంది. తిన్నాకో, వంగితేనో, పడుకుంటేనో వస్తుంది. లేచి కూర్చుంటే తగ్గుతుంది, నోట్లో పులుపు తెలుస్తుంది. డొక్కల కిందో, పొట్ట పైభాగంలోనో పట్టుకుని తిండితో సంబంధం లేకుండా వదలని నొప్పి వేరు. దానితో తలనొప్పి, చూపు మసకబారడం, కళ్ల ముందు మెరుపులు, వాంతులు, ఉన్నట్టుండి ముఖం, చేతులు ఉబ్బడం, ఇందులో ఏ ఒక్కటి ఉన్నా మజ్జిగ కోసం వంటింట్లోకి వెళ్లకు, ఆసుపత్రికి వెళ్లు. ఒక్కోసారి ఈ గుర్తులేవీ లేకుండానే బీపీ పెరుగుతుంది. 20 వారాలు దాటాక ఎప్పుడైనా రావచ్చు, తొలి కాన్పులో ఆ భయం ఎక్కువ. అందుకే ఇంట్లో ఒక బీపీ మిషన్ కొనుక్కోమంటున్నాను. ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి చూసుకో. 140/90 వచ్చిందంటే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. 160/110 అయితే క్షణం ఆగకూడదు. బిడ్డ కదలికలు తగ్గినా అంతే. డాక్టరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ మూత్రంలో ప్రొటీన్ చూశారా అని నోరు తెరిచి అడుగు. వెళ్లడం కుదరలేదని సాకు చెప్పకు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు.

ఇంకో కోపం కూడా ఉంది నీ మీద. మంట పుడుతోందని ఐరన్ మాత్ర మానేశావట! ఆ మాత్రలు చేతిలో పెట్టి మింగేదాకా ఎదురుగా నిలబడిన దానిని, నా ఇంటి పిల్లే మానేస్తే ఎలా ఉంటుంది నాకు? హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గిందంటే రక్తహీనత కిందే లెక్క. కాన్పులో పోయే నెత్తురును తట్టుకునే బలం ఇప్పుడే కూడబెట్టుకోవాలి. పరగడుపున పడకపోతే కొంచెం తిన్నాక, గ్లాసు నిండా నీళ్లతో వేసుకో, వెంటనే పడుకోకు. కాఫీ, టీ, పాలు, కాల్షియం మాత్ర ఏవీ దాని దగ్గరికి రానివ్వకు. పక్కన ఒక జామముక్క తిను, ఐరన్ బాగా ఒంటపడుతుంది. అప్పటికీ పడకపోతే వేరే రకం రాయమని డాక్టరును అడుగు. నీ అంతట నువ్వు మానకు.

ఇవన్నీ చేసినా రాత్రిళ్లు నిద్ర లేకపోతే పంతం వదిలెయ్యి. కాల్షియం, మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్లు గర్భిణులకు ఎన్నో ఏళ్లుగా ఇస్తున్నారు. డాక్టరు రాసిస్తే మింగు. ఐరన్ మాత్రకూ దానికీ రెండు గంటల ఎడం ఉంచు. నిద్రలేక ఒళ్లు హూనం చేసుకుంటే బిడ్డకు ఏం ఒరుగుతుంది తల్లీ?

ఉద్యోగం మానమని నేను అనను. మీ అమ్మ అంటే కూడా నేను సర్దిచెబుతాను. గంట గంటకూ కాసేపు కూర్చో, సంచిలో రెండు అరటిపళ్లు పెట్టుకో. దసరా సెలవులకు వస్తాను. నీకిష్టమైన ఊరమిరపకాయలు ఎండబెట్టి డబ్బాకు ఎత్తాను, అవి కాన్పయ్యాకే నీ చేతికి వస్తాయి. ఈ ఉత్తరం అందిన రోజే ఐరన్ మాత్ర మళ్లీ మొదలుపెట్టి, బీపీ చూపించుకుని, పైఅంకె కింద అంకె రెండూ నాకు ఫోన్‌లో చెప్పు. బాగానే ఉందన్న మాట నాకు చాలదు, అంకెలు కావాలి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ