ముల్లు సున్నా మీద పడితే ఇంజన్ విప్పాలా?

ప్రశ్న: మేస్త్రి అన్నకు నమస్తే. మా నాయిన కాలం నాటి డీజిల్ జీపున్నది. మిర్చి ఎనుమాముల మార్కెట్‌కు దాంట్లనే తెస్తం. మొన్న ఇంటోళ్లందరం మేడారం పోతుంటే గట్టమ్మ కాడ బండ్లు ఆగి ఆగి కదులుతున్నయ్. అక్కడ ఆయిల్ ప్రెషర్ మీటర్ ముల్లు మెల్లగ దిగుకుంట సున్నా కాడికొచ్చింది. రోడ్డు ఖాళీ అయి స్పీడందుకున్నంక మళ్ల లేచింది. ఊర్లె మేస్త్రి సెండర్ (ఇంజన్ల ఆయిల్ ప్రెషర్‌ను పట్టి మీటర్‌కు చెప్పే ముక్క) పోయిందని కొత్తది పెట్టిండు, ఆయిల్ కారకుండ తెల్ల టేపు మంచిగ చుట్టి బిగించిండు. అప్పటి సంది ముల్లు సున్నా మీదనే ఉంటున్నది, గతుకుల్లో మాత్రం ఎగిరెగిరి పడ్తది. ఇంజన్ చప్పుడేం మారలేదు. ఒకాయన ‘బేరింగులు పోయినయ్, హాఫ్ ఇంజన్ చెయ్యాలె’ (ఇంజన్ విప్పి లోపల అరిగినయ్ మార్చాలె) అంటడు. ఇంకొకాయన ‘ఆ వైరు పీకేసి నడుపు’ అంటడు. ఎవరి మాట వినాలె?
– ఒక రైతు, పరకాల

జవాబు: ఇద్దరి మాటా పక్కన పెట్టు తమ్మీ. వైరు పీకితే రేపు నిజంగ ప్రెషర్ పడిపోయినా నీకు చెప్పేటిది ఏదీ ఉండదు. హాఫ్ ఇంజన్ అన్నాయన ప్రెషర్ కొలిచి చెప్పిండా, ఉత్త ముల్లును చూసి చెప్పిండా? కొలవకుండ ఇంజన్ దించేటోళ్ల చేతికి తాళం ఇయ్యకు. అట్లని చప్పుడు లేదు కదా అని మిర్చి బస్తాలేసుకొని మార్కెట్‌కు కూడ పోకు. ఆయిల్ నిజంగ ఎక్కకపోతే బేరింగులు నిమిషాల్లో పట్టేస్తయ్. సంగతి తేలేదాక జీపు చెట్టు కిందనే ఉండనీ.

నీ ఉత్తరంల రెండు కథలున్నయ్, అందరు ఒక్కటే అనుకుంటున్నరు. గట్టమ్మ కాడ ముల్లు మెల్లగ దిగింది, స్పీడందుకోంగనే లేచింది. ఇప్పుడేమో సున్నా మీద కూసొని గతుకులకు ఎగురుతున్నది. మొదటిది ఇంజన్ చెప్పిన మాట కావచ్చు. రెండోది మాత్రం నాకు కరెంటు పంచాయితీ లెక్కనే కొడ్తున్నది. ఆయిల్ తక్కువుంటే మలుపుల్లో, బ్రేకు కొట్టినప్పుడు ముల్లు ఊగుడు ఉన్నదే గాని, ప్రతి గతుక్కూ ఎగిరిపడదు.

ముందు రెండోదాని సంగతి చూద్దాం. నీ సెండర్‌కు ఒక్కటే వైరుంటది, చూసినవా? మరి కరెంటు తిరిగి పోయే దారేది? మీటర్ కాన్నుంచి వైరు మీద వచ్చిన కరెంటు సెండర్ లోపలి రెసిస్టెన్స్ దాటి, దాని మరల మీదుగ ఇంజన్ బ్లాకుకు పోతది. ఆ మరలే ఎర్త్. వాటి మీద తెల్ల టేపు మందంగ చుడితే లోహానికి లోహం తగలదు, ఎర్త్ తెగుతది, నీ మీటర్ ముల్లు సున్నా మీద పడ్తది. గతుకులో సెండర్ కొంచెం కదిలి ఏదో ఒక అంచు తగిలిందనుకో, ముల్లు లేస్తది, మళ్ల పడ్తది. నీళ్ల పైపుకు టేపు చుట్టుడు మంచిదే గాని, ఇది నీళ్ల పైపు కాదు. ఇట్లాంటి బండ్లు మా షెడ్డుకు వస్తనే ఉంటయ్. టేపు గీకి పారేసి పంపిచ్చుడే.

అయినా నా మాట గుడ్డిగ నమ్మకు, చూసుకో. తాళం ఆన్ చెయ్, ఇంజన్ స్టార్ట్ చెయ్యకు. సెండర్ మీది వైరు పీకితే నీ లాంటి మీటర్ ముల్లు సున్నా కాడ ఉండాలె, కొన్ని రకాల మీటర్లకైతే ఉల్టా, నిండుగ పోతది. ఇప్పుడు ఆ వైరు కొసను బ్లాకు మీద రంగు, మట్టి లేని జాగకు ఒకటి రెండు సెకండ్లు తాకించు. ముల్లు అవతలి కొసకు పోయిందంటే మీటరూ వైరూ మంచిగున్నయ్. కదలకపోతే వైరు ఎక్కడన్న తెగిందా, డ్యాష్‌బోర్డు వెనక మీటర్ కనెక్షన్ ఊడిందా చూడాలె. డీజిల్ మీటరు, టెంపరేచర్ మీటరు కూడ తప్పే చూపిస్తుంటే అన్నిటికీ కరెంటొచ్చే కాడనే తేడా ఉన్నది. మీటర్ మంచిదని తేలినంక, వైరు పీకి ఉన్నప్పుడే మల్టీమీటర్‌ను ఓమ్స్‌ల (రెసిస్టెన్స్ కొలిచే కాడ) పెట్టి ఒక పుల్ల సెండర్ ఒంటికి, ఇంకోటి బ్లాకుకు ఆనియ్. దాదాపు సున్నా రావాలె. వందలు చూపించినా, అసలేం చూపించకపోయినా దొంగ ఆ టేపే.

టేపు తీసి, మరలు వైరు బ్రష్‌తో తుడిచి బిగించు. మర కొసకు పోయేకొద్ది సన్నమయ్యే రకమైతే బిగిస్తనే పట్టుకుంటది. తిన్నగ ఉండే రకానికి రాగి వాషర్ వెయ్యాలె. ఇంకోటి, కొత్త సెండర్ కొన్నప్పుడు పాతది దుకాణానికి తీసుకపోయిండ్రా లేదా అడుగు. మర సరిపోతే సెండర్ సరిపోయినట్టు కాదు. కొన్ని ప్రెషర్ లేనప్పుడు 240 ఓమ్‌లుండి పెరిగేకొద్ది 33కు దిగుతయ్, ఇంకొన్ని 10 కాడ మొదలై 180కి ఎక్కుతయ్. ఒక రకం మీటర్‌కు ఇంకో రకం సెండర్ పెడితే ఇంజన్ ఆపినా ముల్లు నిండుగ చూపిస్తది, నువ్వు సంబరపడ్తవ్.

ఇంక గట్టమ్మ కాడి సంగతి. దీన్ని మాత్రం తేలిగ్గ తీస్కోకు. డిప్‌స్టిక్ గుంజి లెవెల్ చూడు, వేళ్ల నడుమ రాసి వాసన చూడు. డీజిల్ వాసనొచ్చి పలచగ జారుతుంటే లోపల డీజిల్ కలుస్తున్నది, అప్పుడు లెవెల్ పెరిగినట్టు కూడ కనపడ్తది. ఆయిల్ మంచిగనే ఉంటే సెండర్ విప్పిన రంధ్రంలోనే మెకానికల్ గేజ్ బిగించి కొలిపియ్. కరెంటుతో పని లేని గేజ్ అది, ఆయిలే నేరుగ ముల్లును తోస్తది. ఆటోనగర్‌ల ఎవరి దగ్గరన్న దొరుకుతది. పొద్దుగాల చల్లటి ఇంజన్ మీద కొలిచి ‘50 పీఎస్ఐ ఉన్నది, ఫికర్ లేదు’ అంటే ఒప్పుకోకు. చల్లగున్నప్పుడు ఆయిల్ చిక్కగుంటది, అరిగిన ఇంజన్ కూడ మంచి ప్రెషరే చూపిస్తది. బండి బాగ వేడెక్కినంక ఐడ్లింగ్‌ల చూడాలె, రేజ్ చేసి చూడాలె. వెయ్యి ఆర్పీఎమ్‌కు 10 పీఎస్ఐ అన్నది పాత మోటు లెక్క. నీ బండి అసలు అంకె దాని మాన్యువల్‌ల ఉంటది. మీటర్ మీద కేజీలుంటే, ఒక కేజీ అంటే 14 పీఎస్ఐ అనుకో.

వేడి మీద నిజంగనే తక్కువొస్తే కూడ మొదటి పని హాఫ్ ఇంజన్ కాదు. మాన్యువల్‌ల చెప్పిన గ్రేడ్ ఆయిలు, కొత్త ఫిల్టరు వేసి మళ్ల కొలువు. తర్వాత సంపు (ఇంజన్ కింది ఆయిల్ తొట్టి) దించి ఆయిల్ గుంజే జాలీకి మడ్డి పట్టిందా, ఎక్కువైన ప్రెషర్‌ను వదిలేసే రిలీఫ్ వాల్వ్ ఇరుక్కున్నదా చూపియ్. ఎట్లా సంపు దించినప్పుడు ఒక బేరింగు క్యాప్ విప్పి చూస్తే అరుగుడు కండ్లకే కనపడ్తది. అది చూసినంక హాఫ్ ఇంజన్ మాట మాట్లాడొచ్చు.

ప్రశ్న: మా కారులో ప్రెషర్ మీటర్ లేదు, ఎర్ర ఆయిల్ లైటు మాత్రమే ఉంది. కాజీపేట వైపు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అది మిణుకుమిణుకుమంటోంది, కదిలితే ఆరిపోతోంది. ఇంటికి వచ్చాక చూపించొచ్చా?
– ఒక టీచర్, హనుమకొండ

జవాబు: వద్దు చెల్లెమ్మా. పక్కకు తీసి ఇంజన్ ఆపండి. ఆ లైటుకు కొలతలు తెలియవు. ప్రెషర్ దాదాపు 5 పీఎస్ఐ కంటే కిందికి పడితేనే దాని స్విచ్ కలుస్తుంది, అంటే వెలిగే సరికే ఆలస్యమైనట్టు. కొద్దిసేపయ్యాక డిప్‌స్టిక్ చూడండి. తక్కువుంటే పోసి స్టార్ట్ చేయండి. లైటు వెంటనే ఆరిపోయి మళ్లీ రాకపోతే దగ్గర్లోని షెడ్డు దాకా మెల్లగా తీసుకెళ్లొచ్చు. ఆయిల్ సరిగ్గానే ఉండి లైటు వస్తుంటే టోయింగ్ బండి పిలిపించండి. స్విచ్ పాడై కూడా ఇట్లా వెలుగుతుంది, చవకలో పోతుంది. కాని అది స్విచ్చే అని తేల్చాల్సింది గేజ్ పెట్టి కొలిచిన మేస్త్రి, ఫోన్‌లో వినేటోళ్లు కాదు.

మీది సెకండ్ హ్యాండ్ కారైతే ఇంకోటి కూడా చూడండి. తాళం ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకముందు ఆ లైటు వెలగాలి. వెలగకపోతే బల్బు పోయిందో, అమ్మినాయనే పీకేశాడో.